గొర్లగుట్ట ఎక్కిన భీమవరం కుర్రాడు

హైటెక్ సిటీ మేడల మీద తాడుకు వేలాడుతూ అద్దాలు తుడవడం నా పని. ఈమధ్య మా జట్టులోకి భీమవరం నుంచి సూరిబాబు వచ్చాడు. పిట్టగోడ దాటగానే వాడి కాళ్లు బిగుసుకుపోయేవి. "మా ఊళ్లో అన్నిటికన్నా ఎత్తు కాలవ గట్టేనన్నా," అనేవాడు. సోమవారం కూడా దిగకపోతే ఇక రావద్దని మేస్త్రీ చెప్పేశాడు. అందుకే ఆదివారం వాడిని మా ఊరి గొర్లగుట్టకు తీసుకెళ్లాను. తొమ్మిదిలో బడి మానేసి నేను తిరిగింది ఆ బండల మీదే.

పొద్దున్నే ఆరింటికి నిజాంపేటలో బండి తీశాం. నార్సింగి దాటి శంకర్‌పల్లి రోడ్డు పట్టుకుంటే గంటన్నర ప్రయాణం, రెండు వందల పెట్రోలు. శంకర్‌పల్లిలోనే ఇడ్లీ తినేయండి, ఆపైన హోటళ్లు లేవు. పత్తి చేలు దాటితే పోచమ్మ గుడి, దాని వెనకే గుట్ట. చిన్నదే, అరగంటలో ఎక్కేయొచ్చు. కానీ దాని మీద కాసేంత తియ్యటి సీతాఫలాలు చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ లేవు, పందెం!

సూరిబాబు బాగానే ఎక్కాడు. పైనుంచి గండిపేట నీళ్లు, ఆ వెనక మేం తుడిచే మేడలు చూపించాను. దిగేటప్పుడు మాత్రం నిటారు బండ దగ్గర కూలబడ్డాడు.

"జర దిగురా, నేనున్న గద!"

"నావల్ల కాదన్నా, నువ్వెళ్లిపో."

కింద సీతాఫలాలు కోస్తున్న మా మేనత్త ఎల్లమ్మ తలెత్తింది. "ఏంది బిడ్డా, రాత్రికి ఆడనే పండుకుంటవా? చద్దర్ తెమ్మంటవా?"

"భయమేస్తుందండీ!"

"కిందికి సూస్తే నాకూ భయమే. బండ దిక్కు మొకం పెట్టు. రోజూ నేను గట్లనే దిగుత."

ఆ మాట మేడ మీద మేమూ ఎన్నోసార్లు చెప్పాం, తలకెక్కలేదు. ఇప్పుడు వాడు వెనక్కి తిరిగి, బండను కావలించుకుని ఒక్కో కాలూ కిందికి జార్చాడు. "ఎడమ కాలు... ఇంక జర... ఆఁ, గదే!" అంటూ అత్త దించింది. నేల తగలగానే వాడు ఒళ్లు దులుపుకుని, "ఇంకోసారి దిగుతానన్నా," అని మళ్లీ పైకెక్కాడు.

సోమవారం మేస్త్రీ పిలవకముందే తాడు కట్టుకున్నాడు. అద్దానికి ముఖం పెట్టి మెల్లగా కింద దాకా దిగాడు. ఆ అద్దాల మేడలు చూసి సిటీ అంతా గొప్పలు చెప్పుకుంటుంది. నేను మాత్రం మా గుట్ట గురించి చెప్పుకుంటాను. నాకు అన్నం పెట్టే ధైర్యం అక్కడిదే, ఇప్పుడు సూరిబాబుదీ అక్కడిదే. మీరూ వెళ్లండి. వాన పడ్డ మర్నాడు మాత్రం వద్దు, బండల మీది నాచు తడిసి జారుతుంది.