స్కీయింగ్ నేర్పే యాప్

ఖతర్‌లో ప్రపంచ కప్ స్టేడియాలు లేస్తున్న రోజులవి. డ్యూటీ దిగి అల్ వక్రా బస్సులో కునుకు తీస్తుంటే పక్కనున్న జగిత్యాల మనిషి ఫోన్ చూపించాడు.

"అన్నా, మంచు మీద స్కీయింగ్ మంచిగ నేర్పే యాప్ కావాలె. గీ రెండిట్ల ఏది తీస్కోవాలె?"

"నీకెందుకు తమ్మీ?" అన్నాను విసుగ్గా.

"నేను ఇంటి డ్రైవర్ని. మా సేటోళ్ళు చలికాలం మంచుకొండలకు పోతే నన్నూ తోల్కపోతరు. పోయినేడు నేను జారి మీద పడితే వాళ్ళ చిన్నబిడ్డ చెయ్యి ఇరిగింది. అయినా ఈసారి నాతోనే జారుతనంటుంది."

కళ్ళు నులుముకుని రెండిటి వివరాలూ చదివాను. ఒకటి చెవిలో హిందీలో చెబుతుంది, నెట్ లేకున్నా పనిచేస్తుంది.

"గిదే తీస్కో."

డౌన్‌లోడ్ కాగానే ఇయర్‌ఫోన్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నడుస్తున్న బస్సులో మోకాళ్ళు వంచి నిలబడ్డాడు.

నా స్టాప్ దాటిపోయింది. అతను తూలితే పట్టుకుందామని చెయ్యి చాపుకుని కూర్చున్నాను.