దేశం కోసం ఉపవాసమున్న ఒడ్డుపేట గంగుబాయి

ఒడ్డుపేట చర్చిలో గంగుబాయి ప్రార్థన ఎత్తుకుందంటే చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేవారని చెప్పుకునేవారు. చెన్నూరు చుట్టుపక్కల సంఘాలవాళ్లు బండ్లు కట్టుకుని మరీ వచ్చి వినేవారు. ప్రాణహిత అవతల, మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడే ఊళ్లో పుట్టి, పెళ్లయ్యాక ఒడ్డుపేట మాలవాడకు వచ్చిన మనిషి ఆమె. గత్తరలో, అంటే కలరాలో, మొగుడు పోయిన ఏడాదే మిషన్ వాళ్ల దగ్గర బాప్తిస్మం తీసుకుంది. రూతు అని కొత్త పేరు పెడతామంటే, "గంగు అని పిలిస్తెనే నేను పలుకుత. దేవుడు పిలిచినా గంతే" అందట. తర్వాత సంఘం ఆమెను బైబిల్ స్త్రీగా పెట్టుకుంది. సంచి భుజానికి తగిలించుకుని వాడవాడా తిరగడం, జబ్బుపడ్డవాళ్ల పక్కన కూర్చుని ప్రార్థన చేయడం ఆమె పని.

దేశం కోసం ప్రార్థించడం పోలీసు చర్య రోజుల్లో అలవాటైంది. మొదట రజాకార్లకు భయపడి ఊరి జనం చర్చిలో తలదాచుకున్నారు. మిలిటరీ వచ్చాక అదే చర్చిలోకి ఊళ్లోని ముస్లిం ఇంటి ఆడమనిషి షాజాదీ బేగం తన పిల్లల్ని తీసుకుని పరుగెత్తుకొచ్చింది. ఎవరి చేతిలో ఎవరు చస్తారో తెలియని ఆ రోజుల్లో గంగుబాయి అందరి కోసం ఒక్క గొంతుతోనే మొరపెట్టింది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం దేశం కోసం విజ్ఞాపన ప్రార్థన జరపాలని సంఘం తీర్మానించింది. ఎన్నికలొచ్చినా, చైనా యుద్ధమొచ్చినా, బియ్యం ధర పెరిగినా పాస్టరు దేవదాస్ అంశం చెప్పేవాడు, గంగుబాయి మోకరించేది. మంత్రుల కోసం, సిపాయిల కోసం కన్నీళ్లు పెట్టేది. ఢిల్లీ పక్క వాడలోనే ఉన్నట్టు ఉండేది ఆమె ప్రార్థన.

చర్చి ఆవరణలో ఒక బావి ఉండేది. ఊరి బావి దగ్గరికి మాలలను రానివ్వరు గనక మిషన్ వాళ్లు దాన్ని తవ్వించారు. దిగువన ఉన్న మాదిగవాడ వాళ్లు కూడా ఆ చర్చి వాళ్లే. వెనక తమ చాపలు తాము పరుచుకుని కూర్చునేవారు. కానీ బావిలో బొక్కెన వేసే హక్కు వాళ్లకు లేదు. మాలవాడ ఆడవాళ్లు ఎవరైనా చేది పోస్తే పట్టుకుపోవాలి. అదెప్పటినుంచి వచ్చిందో, ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తప్పని కూడా ఎవరికీ తోచలేదు, గంగుబాయితో సహా.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ఎండాకాలానికి వాగు ఇసుకలో చెలిమెలు ఎంత లోతు తోడినా తడి తగల్లేదు. మాదిగవాడకు ఆ చెలిమెలే దిక్కు. దేవదాస్ మూడు రోజుల ఉపవాస ప్రార్థన ప్రకటించాడు. కరువు పోవాలి, అధికారుల్లో లంచగొండితనం పోవాలి, దేశంలో అంటరానితనం పోవాలి, వానలు పడాలి. రెండో రోజు మధ్యాహ్నం అంటరానితనం అంశం వచ్చింది. గంగుబాయి లేచి చేతులెత్తింది.

"తండ్రీ, గీ దేశంల మనిషిని మనిషి ముట్టుకోని రోగమున్నది. గుళ్లెకు రానియ్యరు, బాయికాడికి రానియ్యరు. గా రోగాన్ని వేర్లతోని పీకెయ్యి తండ్రీ..."

"ఆమెన్, ఆమెన్" అంది సంఘం.

అప్పుడే కిటికీ అవతల బొక్కెన బండకు తగిలి దబ్బుమన్న చప్పుడైంది. ఆ వెంటనే బాలలక్ష్మి కేక వినిపించింది. సంఘ పెద్ద సాంబయ్య భార్య ఆమె. పిల్లలకు నీళ్లు తెస్తానని అంతకుముందే లేచి వెళ్లింది.

"చేంతాడు ముట్టినవా లేదా? నిజం చెప్పు!"

గంగుబాయి కళ్లు తెరిచింది. చర్చి నిండా మనుషులు కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఒక్కరి రెప్ప కదల్లేదు. కిటికీ పక్కనే ఉన్న సాంబయ్య, బయటి గొడవ లోపలికి వినపడకుండా మరింత గట్టిగా "ఆమెన్!" అన్నాడు. ఆ మాట వినగానే గంగుబాయి కుళ్లిన గుడ్డు పగిలిన వాసనేదో ముక్కుకు సోకినట్టు వెనక్కి జరిగి, గబగబా బయటికొచ్చింది.

మాదిగవాడ అనసూర్య పిల్లను చంకనెత్తుకుని నిలబడి ఉంది. ఆమె కుండ బోర్లపడి ఉంది. అందులోని నీళ్లు అప్పటికే మట్టిలో ఇంకిపోయాయి. బాలలక్ష్మి చేంతాడును బూడిదతో తోముతోంది.

"పొద్దటి సంది కూసున్న వదినే," అంటోంది అనసూర్య. "పోసేటోళ్లు ఎవ్వలు రాలే. అందరు లోపల ప్రార్థనల ఉన్నరు. పిల్లకు జరమొచ్చి నోరెండుతుంది. గందుకే ఒక్క బొక్కెన చేదుకున్న."

"ఏందిది బాలలక్ష్మీ?" అంది గంగుబాయి.

"ఏమున్నదక్కా, ఎప్పటి రివాజే గదా. గిట్ల వదిలేస్తె రేపు మన నెత్తినెక్కుతరు."

గంగుబాయి మళ్లీ లోపలికి వెళ్లింది. పాస్టరు ఆమె కోసమే చూస్తున్నాడు.

"మధ్యల ఆపి పోయినవేంది గంగక్కా? ఇంక వానల అంశమున్నది."

"అయ్యగారూ, బయట ఏమైందో మీకు వినబడలేదా?"

"వినబడ్డది. గది మన వాడల పంచాయితి, మాపటికి కూసొని మాట్లాడుకుందం. ఇప్పుడు దేశం కోసం ఉపవాసమున్నం గదా."

సాంబయ్య అందుకున్నాడు. "ఊరోళ్లు మనల్ని వాళ్ల బాయి ముట్టనిస్తున్నరా? ముందు గది పోనియ్యి. తర్వాత మన బాయి సంగతి చూద్దం."

"గట్లనా!" అంది గంగుబాయి. గొంతు పెంచలేదు. "రోగం మన ఒంట్ల పెట్టుకొని, దేశానికున్నదని దేవునికి చాడీ చెప్తున్నమా? ఛీ! గీ నోటితోని గిన్నేండ్లు ప్రార్థన చేసిన. నా నోరు నాకే కంపు కొడ్తుంది."

"ఉపవాసంల గవేం మాటలు!" అన్నారెవరో. ఆమె ఆగలేదు. బావి దగ్గరికి పోయి కుండ నింపి, నెత్తిన పెట్టుకుని అనసూర్య వెంట దిగువకు నడిచింది.

గుడిసె ముందు కుండ దించింది. అనసూర్య పిల్లకు నీళ్లు తాగించి చాప మీద పడుకోబెట్టింది. ఎండకు నడిచొచ్చిన గంగుబాయికి గొంతు పిడచకట్టుకుపోయింది.

"నాక్కూడ జర మంచినీళ్లియ్యి చెల్లే."

అనసూర్య ఆమె మొహం వంక చూసింది.

"మా గడపల కూసొని ఎన్నిసార్లు ప్రార్థన చేసినవక్కా? ఎన్నడన్న మా ఇంట్ల నీళ్లు తాగినవా? ఇస్తనంటే ఉపవాసమంటివి. వచ్చిన ప్రతి దినం ఉపవాసమేనా?"

అనసూర్య సత్తు గ్లాసు ముంచి ఇచ్చింది. అవి తానే చేది, తానే మోసుకొచ్చిన నీళ్లు. అయినా మొదటి గుక్క గొంతు దిగనంది. ఒళ్లు జలదరించింది. ఆ జలదరింపు ఎక్కడిదో ఆమెకు తెలిసింది. బాలలక్ష్మి మీద, సాంబయ్య మీద కలిగిన రోత ఏపాటిది, తన గొంతు మీద ఇప్పుడు కలిగిన రోత ముందు! కళ్లు మూసుకోకుండా, అనసూర్య చూస్తుండగానే గ్లాసు ఖాళీ చేసింది.

"ఇంకింత పొయ్యి" అంది.

మర్నాడు ఉపవాసం ముగిసింది. ఆ పొద్దే సంఘ పెద్దలు బావిలోకి మనుషుల్ని దింపారు. మైల అనే మాట ఎవరూ అనలేదు, క్రైస్తవులు గదా. పూడిక తీస్తున్నామన్నారు. గుక్కెడు నీళ్లకు పశువులు నాలుకలు చాపుతున్న ఎండల్లో, ఉన్న నీళ్లన్నీ తోడి పక్క చెలక పొలంలో పారబోశారు. గిరకను ఊడదీసి సాంబయ్య ఇంట్లో పెట్టారు. ఎవరికి నీళ్లు కావాలన్నా ఆయన గడప తొక్కాల్సిందే. గంగుబాయి ఆ పారబోసిన నీళ్ల పక్కన నిలబడి అంతా చూసింది.

ఆదివారం నాడు దేవదాస్ ఆమెను పక్కకు పిలిచాడు. "సంఘం క్రమం తప్పినవంటున్నరు. పెద్దల ముందట తప్పైందని ఒక్క మాట అను, నీ పని నీకుంటది."

"నేను తప్పైందని అనసూర్యకు చెప్పిన. ఇంక ఎవ్వలకు చెప్పేది లేదు" అంది గంగుబాయి. సంచి తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

ఆ రోజునుంచి ఆమె బీడీలు చుట్టి బతికింది. తునికాకు కత్తిరించడం చేతకాక మొదట్లో వేళ్లు కోసుకుంది. సొంత వాడ ఆడవాళ్లు ఆమెను చూసి మొహం తిప్పుకునేవారు. మాదిగవాడ వాళ్లలో సగంమంది చర్చికి పోవడం మానేశారు. మిగతావాళ్లు అలాగే వెనక చాపల మీద కూర్చునేవారు. గంగుబాయి వాళ్లను ఏమీ అనలేదు.

అనసూర్య పెనిమిటి హనుమండ్లు తమ వాడకు ఒక బావి కావాలని పంచాయతీ సమితి ఆఫీసు చుట్టూ తిరగసాగాడు. గంగుబాయి తోడు పోయేది. అక్కడి గుమాస్తా వాళ్లను కూర్చోమని కూడా అనలేదు.

"మీరు కిరస్తానపోళ్లు. హరిజన బాయి మీకెట్లొస్తది? మీ మిషన్ దొరలనడుగుండ్రి, తవ్విస్తరు" అన్నాడు నవ్వుతూ.

"మా దాహం గూడ కిరస్తానమేనా బాబూ?" అంది గంగుబాయి. అతను ఫైలు మూసి చాయ్ తాగడానికి పోయాడు. దారిలో హనుమండ్లు కళ్లు తుడుచుకుంటుంటే ఆమె నడుస్తూనే ప్రార్థన చేసింది. దేశం, ప్రభుత్వం అన్న మాటలేవీ రాలేదు. "గా గుమాస్తకు జర సిగ్గియ్యి తండ్రీ, హనుమండ్లుకు ఇంకింత ఓపికియ్యి" అని మాత్రం అడిగింది.

ఆ గుమాస్తాకు సిగ్గు రాలేదు. వేరే ఊరికి బదిలీ అయ్యాడు. ఎన్నికల ముందు కొత్త ఆఫీసరు వాడ చూడటానికి వచ్చినప్పుడు హనుమండ్లు ఆయన జీపుకు అడ్డం నిలబడి, చెలిమెలోని బురదనీళ్లు ముంత నిండా చూపించాడు. ఓట్ల అవసరమో, మనసు కరగడమో, బావి మంజూరైంది. వాడవాళ్లే తవ్వారు. బండ పగలగొట్టేటప్పుడు హనుమండ్లు చేయి నలిగి రెండు వేళ్లు పోయాయి. నీళ్లు పడ్డాయి.

ఆ వారమే దేవదాస్ దిగువకు దిగి వచ్చాడు. గంగుబాయి అనసూర్య వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతోంది.

"చూసినవా గంగక్కా! మనం చేసిన ఉపవాస ప్రార్థన దేవుడు ఆలకించిండు. ఆదివారం కృతజ్ఞత కూటం పెడుతున్నం. సాంబయ్యే అన్నడు, నిన్ను పిలిచి నాలుగు మాటలు చెప్పియ్యాలని."

గంగుబాయి ఆకు పక్కన పెట్టింది.

"గీ బాయి మీ ప్రార్థనతోని వచ్చిందా అయ్యగారూ?"

"మరి దేవుడియ్యకపోతె ఎట్లొస్తది?"

"దేవుడు విన్నడనే నేను గూడ అనుకుంటున్న. కని ఎవ్వల మాట విన్నడో నాకెరికే. కూటం గీ బాయికాడ పెట్టుండ్రి. అనసూర్య చేది పోస్తది. మీరు, సాంబయ్య, బాలలక్ష్మి తలా ఒక గ్లాసెడు తాగుండ్రి. గప్పుడు పాట నేనే ఎత్తుకుంట."

దేవదాస్ బావి వంక చూశాడు. "పెద్దలనడగాలె" అని లేచాడు.

ఆదివారం కూటం చర్చిలోనే జరిగింది. దేశంలో అంటరానితనం తొలగిపోతున్నందుకు, దిగువ వాడ సోదరులకు దేవుడు నీళ్లిచ్చినందుకు స్తుతులు చెల్లించారు. గాలి అటునుంచే వీస్తుండటంతో ఒక్కో ఆమెన్ మాదిగవాడ దాకా వినిపించింది.

"ఎంత గట్టిగొర్రుతున్నరో చూడక్కా" అంది అనసూర్య.

గంగుబాయి తుపుక్కున ఉమ్మేసి, తునికాకు చేటను ఎత్తి, ఆ చప్పుడు వినపడని గుడిసె వెనక వైపుకు మార్చుకుంది. హనుమండ్లు నలిగిన చేతికి కట్టు మార్చే వేళైంది. అనసూర్యను పసుపు నూరుకుని రమ్మని, తాను గుడ్డ చించడం మొదలుపెట్టింది.