గడియారం బాబాయ్ కంప్యూటర్‌కి పడ్డ చెంపదెబ్బ

బేకరీ పిన్ని ఆ కంప్యూటర్‌ని చెంప మీద ఛెళ్ళుమని కొట్టిందనీ, ఆ దెబ్బకి అది హడలిపోయి తెర వెలిగించిందనీ వీధంతా చెప్పుకుంటుంది. చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఎదురు షాపు టైలర్ "చప్పుడు నా రెండు చెవులతో విన్నాను" అంటాడు గానీ, ఆయన కుట్టుమిషను నడుస్తున్నప్పుడు పక్కన పిడుగు పడినా వినపడదని అందరికీ తెలుసు. కొందరు ఒక దెబ్బ కాదు, రెండంటారు. ఇంకొందరు ఆ రెండోది కంప్యూటర్‌కి కాదు, గడియారం బాబాయ్‌కే పడిందంటారు. ఆ మాట అనేముందు మాత్రం అటూ ఇటూ చూసుకుని గొంతు తగ్గిస్తారు. పిన్ని చెయ్యి అలాంటిది మరి. బేకరీలో మిషను చెడిపోయిన రోజున వీధి మొత్తానికి సరిపడా బ్రెడ్డు పిండి ఒంటిచేత్తో పిసికిన మనిషి ఆవిడ.

ఇక గడియారం బాబాయ్ చెయ్యి దానికి పూర్తిగా వేరు. ఈగ కాలికి చెప్పు తొడగమన్నా తొడుగుతాడు, ఈగకి తెలియకుండా. గడియారాలు బాగుచేసే ఆయన షాపు రెండు పెద్ద షాపుల మధ్య ఇరుక్కుపోయిన బీరువాలా ఉంటుంది. ముందు గాజు బల్ల, బల్ల వెనక ఆయన, ఆయన వెనక కర్టెన్, కర్టెన్ వెనక కాపురం. కుడికంటికి భూతద్దం బిగించుకుని బతికాడేమో, ఆ కన్ను ఎప్పుడూ కొంచెం మూసుకునే ఉంటుంది. కొత్తవాళ్ళు కన్ను కొడుతున్నాడనుకుని కంగారుపడతారు. పని చేసేటప్పుడు ఊపిరి కూడా తీసుకోడు. ఒకసారి చేతి గడియారం విప్పి కూర్చుంటే, మనిషి పోయాడనుకుని టైలర్ పరిగెత్తుకొచ్చాడట.

ఆ బల్ల దాటి పిన్ని లోపలికి అడుగు పెట్టకూడదు. పెళ్ళైన కొత్తలో మొగుడికి సాయం చేద్దామని ఎవరిదో అలారం గడియారానికి కీ ఇచ్చింది పాపం. ఇంకా తిరుగుతోంది కదా అని తిప్పింది, తిప్పింది, లోపల స్ప్రింగు తెగి ఎగిరి గోడకి గుచ్చుకుంది. ఆ రోజు నుంచి నిషేధం.

పిన్ని ఊరుకుంటుందా? ఒకరోజు చెయ్యి నొప్పిగా ఉంటే బాబాయ్‌ని పిండి పిసకమంది. ఆయన రెండు వేళ్ళతో అటొకసారి ఇటొకసారి తాకి వచ్చాడు.

"ఏమయ్యా, పిండి పిసకమంటే గిలిగింతలు పెట్టొచ్చావా?" అంది.

అప్పటి నుంచి ఆయనకి వంటింట్లో నిషేధం. ఎవరి సరిహద్దు వాళ్ళకి ఉంది, కాపురం హాయిగా సాగింది.

సాగుతుండగా అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. టైమ్ ఫోన్లోనే కనిపిస్తుంటే గడియారం ఎవరికి కావాలి? బాబాయ్ షాపుకి వచ్చేవాళ్ళు తగ్గి తగ్గి, చివరికి దారి అడిగేవాళ్ళే మిగిలారు. ఆయన వాళ్ళకి కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు.

అప్పుడు రంగంలోకి దిగాడు పిన్ని తమ్ముడు, సోఫాల బావమరిది. పెద్ద ఫర్నిచర్ షోరూమ్ ఆయనది. మంచివాడే. మంచితనం మరీ ఎక్కువై ఎదుటివాళ్ళని తొక్కేస్తుంటుంది, అంతే.

"బావా, ఎన్నాళ్ళని ఈగలు తోలుతూ కూర్చుంటావ్? మా షోరూమ్‌కి వచ్చెయ్. తలుపు దగ్గర చల్లగా ఏసీలో నిలబడి, వచ్చినవాళ్ళని 'రండి, రండి' అనడమే పని. నీ మొహం చూస్తే ఎవరికైనా కూర్చోబుద్ధేస్తుంది. కూర్చుంటే సోఫా కొన్నట్టే!" అన్నాడు. అని ఊరుకోలేదు. మెరిసే గుండీలున్న ఎర్రకోటు ఒకటి కుట్టించుకొచ్చి బాబాయ్ కుర్చీకి తగిలించి వెళ్ళాడు. దాంట్లో ఇద్దరు బాబాయ్‌లు పడతారు, మధ్యలో పిన్ని కూడా పడుతుంది.

ఆ కోటు కంటపడినప్పుడల్లా బాబాయ్ మొహం పక్కకి తిప్పుకునేవాడు. తలుపు తీసే పని తక్కువని కాదు. ఆ తలుపు ఎవరైనా తీయగలరు. గడియారంలో ఆగిపోయిన చక్రం ఎక్కడుందో చెవి పెట్టి చెప్పగలిగేది తనొక్కడే. ఆ చెవికీ ఆ వేళ్ళకీ ఇక పని లేదని ఎర్రకోటు రోజూ కుర్చీ మీంచి చెబుతున్నట్టు ఉండేది.

అందుకే పట్టుదలగా కంప్యూటర్ల పని మొదలుపెట్టాడు. వీడియోలు చూశాడు, పాత కంప్యూటర్లు విప్పాడు, బిగించాడు. వీధి చివరి ట్యూషన్ టీచరమ్మకి ఆయనంటే గురి. ఆవిడ గోడ గడియారానికి బాబాయ్ ప్రాణం పోశాడు. "బాబాయ్ గారూ, నా పాత కంప్యూటర్ మూలుగుతోంది. విడిభాగాలు తెచ్చి కొత్తది మీరే బిగించివ్వండి" అంది. షాపులో మొదటి కంప్యూటర్ ఆర్డర్! బాబాయ్ మొహం వెయ్యి క్యాండిల్ బల్బులా వెలిగింది. ఆ వెలుగులో నోరు జారాడు. బావమరిది ముందు, టైలర్ ముందు, వీధి మొత్తం ముందు అనేశాడు.

"ఒరేయ్ బావమరిదీ, ఆదివారం కల్లా ఈ కంప్యూటర్ వెలగకపోతే నేనే నీ కోటు తొడుక్కుని వస్తాను. వెలిగిందా, ఆ కోటు ఊసు మళ్ళీ ఎత్తకూడదు."

"అయితే కోటు ఇస్త్రీ చేయించి ఉంచు బావా" అన్నాడు వాడు.

బిగించడం మాత్రం చూసి తీరాల్సిందే. పసిపిల్లకి స్నానం చేయించినట్టు బిగించాడు. మదర్‌బోర్డుని అరచేతుల్లో పట్టుకుని డబ్బాలో పడుకోబెట్టాడు. ప్రాసెసర్‌ని పెట్టేటప్పుడు వీధిలో హారన్ మోగిస్తే కసిరాడు. ర్యామ్ పట్టీలు రెండూ, దువ్వెనంత ఉంటాయి, అంచు చూసి గాడి చూసి మెత్తగా దాంట్లో నిలబెట్టాడు. అన్నీ అయ్యాక బటన్ నొక్కాడు.

ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. డబ్బా లోపల ఎరుపూ నీలం దీపాలు సర్కస్ వచ్చినట్టు వెలిగాయి. తెర మాత్రం నల్లగా ఉంది. కాసేపటికి "సిగ్నల్ లేదు" అని ఒక ముక్క చూపించి, అదీ ఆరిపోయింది.

బాబాయ్ కంగారుపడలేదు, మొదట. మానిటర్‌ని చంకనెత్తుకుని టీచరమ్మ ఇంటికి వెళ్ళి పాత కంప్యూటర్‌కి తగిలించి చూశాడు. శుభ్రంగా వెలిగింది. అంటే తప్పు మానిటర్‌ది కాదు. వైరు మార్చాడు, తప్పు వైరుదీ కాదు. కరెంటు వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టి, కొక్కేలు పట్టుకున్నాయో లేదో ఒక్కొక్కటీ లాగి చూశాడు. పట్టుకున్నాయి. డబ్బా రేకు ఎక్కడైనా తగులుతోందేమోనని బోర్డుని బయటికి తీసి అట్టపెట్టె మీద పరిచి చూశాడు. నలుపే. చివరికి అలవాటు కొద్దీ దానికి చెవి ఆనించాడు. గడియారమైతే ఈపాటికి తన బాధ చెప్పుకునేది. ఇది ఫ్యాను గాలి తప్ప ఒక్క మాట మాట్లాడదు. ఏం లోపమో కూత పెట్టి చెప్పే చిన్న స్పీకర్ ఒకటి ఉంటుందట, అది ఈ సరుకుతో రాలేదు.

అప్పుడు కనిపించింది బోర్డు అంచున పసుపు దీపం. ర్యామ్ పక్కనే. అది వెలుగుతుంటే ర్యామ్ చూసుకోమని అర్థం. బాబాయ్‌కి ప్రాణం లేచి వచ్చింది. పట్టీలు తీశాడు, రబ్బరుతో తుడిచాడు, మళ్ళీ అంతే మెత్తగా గాడిలో నిలబెట్టాడు. నలుపు. ఒకే పట్టీ పెట్టాడు. నలుపు. ఈ గాడిలోంచి ఆ గాడిలోకి మార్చాడు. నలుపే. పట్టీలు పాడైనవి ఇచ్చారనుకుని కొన్న షాపుకి పట్టుకెళ్ళాడు. వాళ్ళు లోపలికి తీసుకెళ్ళి, వాళ్ళ కంప్యూటర్‌లో పెట్టి చూసి, "భేషుగ్గా ఉన్నాయి పెద్దాయనా" అని చేతిలో పెట్టారు.

బాబాయ్ ఆ పట్టీలు పట్టుకుని ఇంటికి నడిచాడు. అన్నీ బాగుంటే బాగాలేనిది ఏది? తనేనా?

వీధంతా దీని మీదే చర్చ. టైలర్ మాటిమాటికీ వచ్చి "వెలిగిందా?" అని అడిగేవాడు. టీచరమ్మ అడగడానికి మొహమాటపడి, రోజుకో వంకతో చేతి గడియారం బెల్టు బిగించమని వచ్చేది. బిగించి బిగించి ఆవిడ చెయ్యి నీలం రంగుకి తిరిగింది.

ఆదివారం పొద్దున బావమరిది షోరూమ్ వ్యాను వేసుకుని దిగిపోయాడు. కుర్చీ మీది కోటు తీసి దులిపాడు.

"ఏం బావా, వెలిగిందా?"

బల్ల మీద బోర్డు విప్పి ఉంది, బాబాయ్ చేతిలో ర్యామ్ పట్టీ ఉంది. ఆఖరిసారి అనుకుంటూ పెడుతున్నాడు. వేళ్ళు గాడి తప్పుతున్నాయి. ఆ వేళ్ళు గాడి తప్పడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

అప్పుడే పిన్ని పొద్దుటి డ్యూటీ దిగి వచ్చింది, మోచేతుల దాకా పిండితో. తమ్ముణ్ణి చూసింది, కోటు చూసింది, మొగుడి వేళ్ళు చూసింది.

"అక్కా, నువ్వైనా చెప్పు" అన్నాడు తమ్ముడు. "నేనేమన్నా పరాయివాడినా? నీడపట్టున నిలబెడతానంటే ఎందుకీ మొండితనం?"

"నీ మంచితనం తగలెయ్య, కాసేపు ఆగరా" అంది పిన్ని. బల్ల దగ్గరికి వచ్చి, దాటకుండా ఇవతలే నిలబడింది. "ఏమయ్యా, నేను వాడి షాపుకి వస్తే నాక్కూడా తలుపు తీసి 'రండి మేడం' అంటావా?"

"అనాలి కదా. పని అది" అన్నాడు బాబాయ్ తల ఎత్తకుండా.

పిన్ని గొంతు మారింది. "నేను రాను. చచ్చినా ఆ షాపుకి రాను." ముక్కు ఎగబీల్చి కోపంగా ఆయన చేతుల కేసి చూసింది. చూసి, కళ్ళు చిట్లించింది. "ఇదేనా నువ్వు పెట్టడం? ఇన్నాళ్ళూ ఇలాగే పెట్టావా?"

"మరెలా పెడతారు?"

"పిండికి గిలిగింతలు పెట్టినట్టు పెడుతున్నావు కదయ్యా! నొక్కు."

"ఏమే, నీకేం తెలుసు? నొక్కితే విరుగుతుంది."

"ఆ చివర చూడు, చిన్న కొక్కెం నోరు తెరుచుకునే ఉంది. ఏదైనా దిగితే మూసుకోదూ? నొక్కు!"

బాబాయ్ వంగి చూశాడు. నిజమే. గాడి చివర తెల్ల కొక్కెం తెరుచుకునే ఉంది. వీడియోలో అబ్బాయి కూడా గట్టిగా నొక్కమనే చెప్పాడు. గట్టిగా అంటే బాబాయ్ లెక్కలో అంతే మరి, గడియారం ముల్లుని కదిపేంత గట్టి. బొటనవేళ్ళు పట్టీ మీద పెట్టాడు. నొక్కబోయాడు. వేళ్ళు దిగలేదు. జీవితమంతా నొక్కకుండా బతికిన వేళ్ళు, ఈ రోజు నొక్కమంటే ఎలా నొక్కుతాయి?

"నా వల్ల కావట్లేదే" అన్నాడు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా ఎవరూ వినలేదు.

బాబాయ్ లేచాడు. బల్ల చివర చెక్క తలుపు ఎత్తి పట్టుకుని, పక్కకి జరిగి నిలబడ్డాడు.

"రా" అన్నాడు.

గోడలో స్ప్రింగు గుచ్చుకున్న చిల్లు ఇంకా అలాగే ఉంది. దాని పక్క నుంచి పిన్ని లోపలికి వచ్చింది. చీర కొంగుతో చేతులు గట్టిగా తుడుచుకుంది. బొటనవేళ్ళు రెండూ పట్టీ అంచుల మీద పెట్టి, బ్రెడ్డు పిండిని అణిచినట్టు అణిచింది. బోర్డు కొంచెం వంగింది. బాబాయ్ రెండు కళ్ళూ మూసేసుకున్నాడు.

టక్.

బావమరిది "అయ్యో, విరిగింది!" అన్నాడు.

బాబాయ్ కళ్ళు తెరిచాడు. ఎన్ని చప్పుళ్ళు విన్నాయి ఆ చెవులు! "విరగలేదురా," అన్నాడు, "దిగింది. ఇన్నాళ్ళకి దిగింది. ఏమే, రెండోది కూడా."

టక్.

బటన్ నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి. పసుపు దీపం వెలిగి, ఆరిపోయింది. తెర కాసేపు అందరి ప్రాణాలూ తోడేసి, ఆ తర్వాత నిండుగా వెలిగింది. ఆ వెలుతురుకి వీధి దీపాలు సిగ్గుపడ్డాయని టైలర్ అంటాడు, పట్టపగలు వీధి దీపాలు ఎందుకు వెలుగుతున్నాయో మాత్రం చెప్పడు. బావమరిది కోటు మడతపెట్టాడు. వాడి కళ్ళల్లో కూడా నీళ్ళు తిరిగాయట. "నాకు తలుపు దగ్గర నిలబడే మనిషి లేకుండా పోయాడే!" అని అక్క భుజం మీద పడ్డాడట. మంచివాడు, ముందే చెప్పుకున్నాం కదా.

ఇప్పుడు ఆ షాపులో గడియారాల పక్కన కంప్యూటర్లు కూడా ఉంటాయి. బిగించిన ప్రతి కంప్యూటర్ బటన్ నొక్కే ముందు ఒకసారి కర్టెన్ వెనక్కి వెళ్ళి వస్తుందని వీధిలో మాట. బాబాయ్‌ని అడిగితే ఇంతెత్తున లేస్తాడు.

"అంతా పచ్చి అబద్ధం! మొదటిసారి బటన్ నొక్కగానే వెలిగింది ఆ కంప్యూటర్. ఆ ఆదివారం మా ఆవిడ అసలు ఇంట్లోనే లేదు. చెంపదెబ్బా లేదు, ఏమీ లేదు. ఆ టైలర్‌కి పని లేదు" అంటాడు.

"మరి ఆ ఎర్రకోటు, బాబాయ్?"

"ఏ కోటు? మా బావమరిదికి కోట్లు కుట్టించే అలవాటే లేదు" అంటాడు, దుమ్ము పడకుండా కొత్త కంప్యూటర్ మీద ఎర్రకోటు సర్ది కప్పుతూ. మెరిసే గుండీలు ఒక్కొక్కటీ పెట్టి మరీ కప్పుతాడు.

"అయితే ర్యామ్ నొక్కింది ఎవరు?"

"నేనే. నా ఈ చేతులతోనే నొక్కాను. నేను నొక్కితే ఎలా ఉంటుందో మీకేం తెలుసు?"

కర్టెన్ వెనక నుంచి గట్టిగా వినిపిస్తుంది: టక్.

"అది గడియారం" అంటాడు బాబాయ్.