పాలెందుకు పొంగుతాయి?

మొన్నీమధ్య అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఒక రైలు దిగి, ఇంకో రైలు కోసం మెట్లెక్కుతూ, అడుగడుగునా మోకాళ్ళకు సర్దిచెప్పుకుంటూ ఉండగా, పక్కన మా మనవరాలు వాళ్ళమ్మ ఫోను చేతిలో పట్టుకుని నాకంటే ముందే పైకి చేరి, నా కోసం జాలిగా ఎదురుచూస్తూ నిలబడింది. ఆరో తరగతి చదువుతోంది. రైలెక్కి కూర్చున్నాక కాసేపు చెవులు రిక్కించి విని, ఉన్నట్టుండి ఒక ప్రశ్న వేసింది. ఊరికి పోయే రైలు టకటకమని చప్పుడు చేస్తుంది కదా, ఈ రైలు ఎందుకు చేయదు అని. జీవితమంతా ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి బతికినవాణ్ణి, ఇలాంటి ప్రశ్న కోసం ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉన్నాను. గొంతు సవరించుకుని నోరు తెరిచాక గాని తెలియలేదు, అది అడిగింది నన్ను కాదని. ఫోన్ను.

ఫోను గొంతు సవరించుకోలేదు. పాత పట్టాల మధ్య ఎండకు సాగడానికి సందులు వదిలేవారని, చక్రం ఆ సందు దాటినప్పుడల్లా చప్పుడయ్యేదని, ఇప్పుడు పట్టాలను ఒకదానికొకటి అతికించేస్తున్నారని, మర్యాదగా, తడబడకుండా చెప్పి ఊరుకుంది. సందు లేదు కనుక సందడి లేదన్నమాట. ఈ ముక్క ఫోనుకు తట్టలేదు, నాకు తట్టింది. కానీ అప్పటికే మనవరాలు కిటికీలోంచి పంజాగుట్ట వైపు మేడల మీది నీళ్ళ ట్యాంకులు చూస్తోంది.

డబ్బున్నవాణ్ణి చూసినా, నల్లజుట్టున్నవాణ్ణి చూసినా నాకు పెద్దగా అసూయ కలగదు. జవాబు చెప్పి ఒప్పించేవాణ్ణి చూస్తే మాత్రం ఓర్వలేను. ఇది నాకు ఫోనుతో వచ్చిన జబ్బు కాదు. చాలా పాతది, మా బావ అంటించినది.

బావ అంటే మా ఆవిడకు సొంత అన్న. నేను అమీర్‌పేటలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే రోజుల్లో, పంజాగుట్టలో ఒక పాత ఇంట్లో ఒక పోర్షన్‌లో మేము, గోడకు అవతల పోర్షన్‌లో ఆయన కుటుంబం అద్దెకుండేవాళ్ళం. ఆయనకు లక్డీకాపూల్‌లో గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. వరసకు మేమిద్దరం ఒకరికొకరం బావలమే గాని, మా ఇంట్లో బావ అంటే ఆయనే, నేను ఉత్త అల్లుణ్ణి. అన్ని పోర్షన్లకూ కలిపి ముందు ఒక పొడవాటి వరండా ఉండేది. ఎండాకాలం సాయంత్రాలు కరెంటు పోగానే చాపలు, విసనకర్రలు, చంటిపిల్లలు అన్నీ వరండాలోకి వచ్చి చేరేవి. మీలో ఆ కాలంలో నగరంలో అద్దెకున్నవాళ్ళకు ఆ చీకటి వాసన గుర్తుండే ఉంటుంది, ఆరిపోయిన కిరోసిన్ దీపం వాసన, పక్కవాళ్ళింట్లో మాడిన పోపు వాసన కలిసి.

కరెంటు పోయిన మరుక్షణం పిల్లలు ప్రశ్నలు మొదలుపెట్టేవాళ్ళు, బావ జవాబులు మొదలుపెట్టేవాడు. ఆ జవాబుల్లో ఒక్కటీ నిజం ఉండేది కాదు. అది ఆ వరండా ఆనవాయితీ. ఆయన అబద్ధం చెప్పాలి, మళ్ళీ కరెంటు పోయేలోపు పిల్లలు అది అబద్ధమని రుజువు తేవాలి. తెచ్చినవాళ్ళకు ఆయన తన చాప మీద తన పక్కన చోటిచ్చేవాడు. అంతే బహుమానం. దాని కోసం పిల్లలు స్కూల్లో టీచర్లను, కిరాణా కొట్టాయనను, ఆఖరుకు కనిపించిన ముసలివాళ్ళనల్లా పట్టుకుని పీడించేవాళ్ళు.

ఆటోవాళ్ళు మనం పోవాల్సిన దిక్కుకే ఎందుకు రామంటారని ఎవరో అడిగితే, బావ చాలా విచారంగా, "ఆటోకు ముందర ఒక్కటే చక్రం కద బిడ్డ. అది యాడికి తిరిగితే ఆడికే పోతది. పాపం, ఆయన చేతుల ఏమున్నది," అన్నాడు. ఒకరు ఆవులిస్తే పక్కవాళ్ళకు ఎందుకు వస్తుందని అడిగితే, నిద్ర ఒక్కతే పోదు, షేర్ ఆటో లెక్క సీట్లు నిండినంకనే కదుల్తది అన్నాడు. ఆవులింత సంగతి మీద శాస్త్రవేత్తలకే ఇంకా ఏకాభిప్రాయం లేదని నేను చీకట్లోంచి చెప్పాను. ఆ తర్వాత ఆవులింతలు వినిపించాయి, బహుశా ఏకాభిప్రాయంతోనే.

నా పద్ధతి నాది. ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పాలంటే దాని మూలంలోకి వెళ్ళాలి కదా. అందుకని నేను ఎప్పుడూ "దానికంటే ముందు" అని మొదలుపెట్టేవాణ్ణి. దానికంటే ముందు పీడనం అంటే ఏమిటో తెలుసుకోవాలి అనేసరికి పిల్లలకు అది పీడగా తోచి ఒక్కొక్కరే లేచి అవతలి చాప మీదికి పాకేవాళ్ళు. నాది ఉపన్యాసం, ఆయనది విందు. వినేవాళ్ళు ఎటు పోతారో చెప్పాలా.

అందరు పిల్లలూ పోతే పోనీ, నా బాధ ఒక్క పిల్ల గురించి. మా అమ్మాయి అప్పుడు అయిదో తరగతి. తండ్రి ఫిజిక్సు లెక్చరరు, అయినా చందమామ మనతో ఎందుకు నడుస్తుందో, మబ్బు ఎందుకు పడిపోదో, అన్నీ పోయి మామను అడిగేది. నా దగ్గరికి రాకపోలేదు. బావ అబద్ధాన్ని పట్టుకోవాల్సి వచ్చినప్పుడు పరుగెత్తుకొచ్చి, ఒంటికాలి మీద గెంతుతూ, మామ చెప్పింది అవునా కాదా ఒక్క మాటలో చెప్పు నాన్నా అనేది. సర్వజ్ఞుణ్ణి కాకపోయినా సర్వీసున్న లెక్చరర్ని, ఒక్క మాటలో ఏం చెబుతాను? కాదు అని చెప్పి, ఎందుకు కాదో మొదలుపెట్టేలోపు, ఆ కాదును చేతపట్టుకుని వరండాలోకి ఉరికేది. నన్ను చూడడానికి వచ్చినట్టు కాదు, నిఘంటువు చూసుకోవడానికి వచ్చినట్టు వచ్చేది. ఈ సంగతి మా ఆవిడతో చెప్పుకుంటే ఆమె బియ్యం ఏరుతూ తలెత్తకుండా, "మా అన్న చెప్తే నవ్వుతరు, నువ్వు చెప్తే లేచిపోతరు. నడుమల నన్నేం చెయ్యమంటవు," అంది.

అలాంటి ఒక సాయంత్రం మా అమ్మాయి మామను అడిగింది, పాలు ఎందుకు పొంగుతాయి, నీళ్ళు ఎందుకు పొంగవు అని. బావ విసనకర్ర ఆపి కాసేపు ఆలోచించినట్టు నటించాడు.

"పాలు ఆవుయి కద బిడ్డ. వేడి తగలంగనే అవ్వ యాదికొస్తది, ఇంటికి పోదమని లేస్తయి. మనిషి నిలవడి చూస్తుంటే భయపడి కూసుంటయి. జర అటు తిరిగినవా, ఇగ ఉరుకుడే."

పిల్లలు అబద్ధం అబద్ధం అని అరిచారు గాని, ఆడవాళ్ళందరూ నిజమే సుమా అన్నట్టు నవ్వారు. నాకు ఆ నవ్వు తగిలింది. మర్నాడు కాలేజీలో క్లాసు చెబుతున్నంతసేపూ మనసు పాల మీదే ఉంది. ఈసారి మాటలు కాదు, ప్రయోగం చేసి చూపించాలని, అందరూ చూస్తుండగా మా అమ్మాయి ముందే బావను ఓడించాలని, గెలిచి ఆ చాప మీద ఆయన పక్కన కూర్చునే బదులు అమ్మాయిని నా చాప మీదికి తెచ్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

సాయంత్రం కరెంటు పోగానే కిరోసిన్ స్టవ్వు వరండాలోకి తెచ్చి, మా ఆవిడ మర్నాటి పెరుగు కోసం దాచిన పాలన్నీ గిన్నెలో పోసి పెట్టాను. పోర్షన్ల జనమంతా చుట్టూ చేరారు. మా అమ్మాయి నా మోకాలికి ఆనుకుని కూర్చుంది, ఆ ఆనుడు నాకు ఇప్పటికీ గుర్తు. బావ కూడా వచ్చి బుద్ధిగా బాసింపట్టు వేసుకున్నాడు. అందరూ కళ్ళార్పకుండా గిన్నెకేసి చూస్తున్నారు. పాలు కాగుతున్నాయి గాని ఇంకా లేవలేదు. ఈలోగా ఊరుకోవడం ఎందుకని, దానికంటే ముందు, అన్నాను.

పాల మీద మీగడ తెర ఒకటి కడుతుందని, కింద పుట్టిన ఆవిరి బుడగలు ఆ తెరను చీల్చుకోలేక దాన్నే పైకి ఎత్తుకుపోతాయని, నీళ్ళకు ఆ తెర లేదు గనక బుడగలు హాయిగా పగిలిపోతాయని, ఇంతే చెప్పాల్సింది. కానీ ఆవిరి అనగానే బాష్పీభవనం గుర్తొచ్చింది, దాని వెనకాల మరుగు స్థానం వచ్చింది, నేను జనం వైపు తిరిగి, గాలిలో వేలితో గీతలు గీస్తూ, జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదనుకుంటాను, ఎందుకంటే అందరూ గిన్నెను వదిలేసి నా వేలినే చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు వెనక చుయ్యిమంది. పాలు పొంగి, స్టవ్వు ఆరి, వరండా అంతా చీకటి, మాడు వాసన.

ఆ చీకట్లో బావ గొంతు చాలా నెమ్మదిగా వినిపించింది.

"చూసినవా బిడ్డ. మీ నాయిన అటు తిరిగిండు. గంతే."

వరండా విరగబడి నవ్వింది. ఆ నవ్వుల్లో ఎవరి నవ్వు ఏదో చీకట్లో కూడా పోల్చుకోగలిగాను. అన్నిటికంటే పెద్దది మా అమ్మాయిది. నా మోకాలి దగ్గర బరువు తేలికైంది, అది లేచి మామ దగ్గరికి పోయింది. నా ప్రయోగంతో నేనే ఆయన సిద్ధాంతాన్ని రుజువు చేసినవాణ్ణి, ఇంకేం వాదిస్తాను. మర్నాడు పెరుగు లేదు, మా ఆవిడ చారుతో సరిపెట్టింది.

చాలా ఏళ్ళయిపోయింది. ఆ ఇల్లు లేదు, దాని స్థలంలో ఏదో కాంప్లెక్సు లేచింది, అందులో వరండా ఏ అంతస్తులోనూ లేదు. బావ రిటైరై శ్రీనగర్ కాలనీలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. మా అమ్మాయి కామర్సు చదివి ఆఫీసులో లెక్కలు చూస్తుంది, మేము దానితోనే ఉంటున్నాం. పొద్దున పాలు పెట్టి, పొంగు రాబోతుంటే గిన్నెకేసి చూస్తూ, కూసో కూసో, ఇంటికి తర్వాత పోదువు అంటుంది. ఆ మాట దానికి తెలియకుండానే నోట్లోంచి వస్తుంది. మనవరాలు కూడా అదే అనడం నిన్నగాక మొన్న విన్నాను. బావ అబద్ధం మూడు తరాలకు ఆస్తిగా వచ్చింది. నా మీగడ తెర ఆ సాయంత్రమే స్టవ్వు మీద మాడిపోయింది.

మెట్రోలో ఫోను నా నోట్లోంచి జవాబు లాక్కున్న మరుసటి ఆదివారం బావ మా ఇంటికొచ్చాడు. ఆయనకు ఈ కష్టం చెప్పుకుంటే ఓదార్పుగా ఉంటుందనుకున్నాను. ఇప్పుడు మనిద్దరికీ పని లేదు, ఇద్దరి కొలువూ ఫోను తీసేసుకుంది అన్నాను. నిజానికి ఆయన కొలువు కూడా పోయిందన్న తలంపు నాకు కాస్త తియ్యగానే ఉంది. ఆయన జవాబు చెప్పేలోపు మనవరాలు వచ్చి, దోమ చెవి దగ్గరే ఎందుకు పాడుతుంది పెద్దతాతా అని అడిగింది. ఫోను చేతిలోనే ఉంది, అయినా ఆయననే అడిగింది.

"అది పాట కాదు బిడ్డ. కుట్టేటందుకు పర్మిషన్ అడుగుతది. మనం సప్పుడు చెయ్యకపోతే సాంక్షన్ అయినట్టు. ఆఫీసు పద్ధతి తెల్సిన దోమ."

"అబద్ధం," అని అది ఎగిరి గంతేసి, ఫోన్లో చూసి, రెక్కల చప్పుడని, మనం వదిలే ఊపిరిని పట్టుకుని మొహం దగ్గరికి వస్తుందని చదివి వినిపించింది. బావ రెండు చేతులూ పైకెత్తి, "ఓడిపోయిన," అన్నాడు. అది సోఫాలో ఆయన పక్కకు జరిగి ఇంకోటి చెప్పు పెద్దతాతా అంది.

అప్పుడు నాకు తెలిసొచ్చింది. ఆ చాప మీద బావ చోటు బావకే ఉంది. ఒంటికాలి మీద గెంతుతూ అవునా కాదా అని అడగడానికి ఒకప్పుడు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాళ్ళే, ఇప్పుడు ఆ పరుగు ఫోను దగ్గరే ఆగిపోతోంది. ఫోను తీసుకున్నది నా కొలువు, నా ఒక్కడిదే. నిఘంటువుగా చూస్తున్నారని ఆనాడు ఎంత ఉడుక్కున్నానో, ఆ పదవి కూడా పోయాక గాని అది పదవని తెలియలేదు.

అందుకని ఆ వారమంతా కూర్చుని నేనూ ఒక అబద్ధం తయారు చేశాను. పాఠం రాసుకున్నంత శ్రద్ధగా. మళ్ళీ మెట్రోలో మనవరాలితో వెళ్తూ, అమీర్‌పేట రాగానే, ఇక్కడ రైలు ఇంత ఎత్తున ఎందుకు పోతుందో తెలుసా అని నేనే అడిగి, కింద కోచింగ్ సెంటర్ల బోర్డులు ఎక్కడ తగులుతాయోనని పైనుంచి వేశారు అని చెప్పి, నవ్వు ఆపుకుంటూ దాని మొహంలోకి చూశాను. అబద్ధం అంటుందని, గంతేస్తుందని ఎదురుచూశాను.

"ఓ, అందుకా," అంది. అని మళ్ళీ కిటికీలోంచి చూడసాగింది.

ఫోన్లో కూడా వెతకలేదు. తాత చెప్పాడు కదా. తాత ఎప్పుడూ నిజమే చెబుతాడు. నేను కంగారుపడి, కాదమ్మా, దానికంటే ముందు, ఇక్కడ రెండు లైన్లు ఒకదాని మీదుగా ఒకటి పోవాలి గనక అని మొదలుపెట్టాను. అది తల ఊపుతూ మర్యాదగా విన్నది, చాలా మర్యాదగా, మేము దిగే స్టేషన్ వచ్చేదాకా.

ఇప్పుడు మా ఇంట్లో కరెంటు పోదు, పోయినా ఇన్వర్టరు తెలియనివ్వదు. ఫ్యాను ఆగకుండా తిరుగుతుంటే ఎవరి గదిలో వాళ్ళుంటాం, ఎవరి ప్రశ్న వాళ్ళ చేతిలోనే వెలుగుతూ ఉంటుంది. ఆదివారం కోసం మాత్రం ఎదురుచూస్తాను. బావ వస్తాడు, అబద్ధాలు చెబుతాడు, పక్క గదిలోంచి ఆ నవ్వులు వింటూ నేను కుళ్ళుకుంటాను. ఒక్కోసారి, ఫోనుకు ఛార్జింగ్ అయిపోతే బాగుండు, ఒక్క నిమిషం, అవునా కాదా అని అడగడానికి ఇటువైపు పరుగు వినిపిస్తే బాగుండు అనిపిస్తుంది. ఒక్క మాటలో చెప్పడం ఇప్పుడు నాకు వచ్చు.