జక్కయ్య వాది, దయామణి ప్రతివాది

మా తోటికోడలు దయామణి ట్రస్టీ అవునో కాదో ఈ జిల్లాలో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. ఆవిడకైతే అసలే తెలియదు. ఆవిడ వెంట ఆఫీసుల చుట్టూ తిరిగినదాన్ని నేనే గనుక ఈ కథ చెప్పే హక్కు నాకుంది. మధ్యలో కోపం వస్తే ఏమీ అనుకోకండి. ఈ రెబెక్కా నోరు మంచిది కాదని మా సంఘంలో పిల్లల్ని అడిగినా చెబుతారు.

మాది పలాసకు సముద్రం వైపు, జీడితోటల మధ్య ఊరు. ఊరి చివర మిషను ఆసుపత్రి ఉంది. దొరలు కట్టారు. వెళ్ళిపోయేటప్పుడు ముగ్గురు ట్రస్టీలను పెట్టి, కులమతాలు చూడకుండా రోగం వచ్చిన ప్రతివాళ్ళకూ ఇది ఉపయోగపడాలని దస్తావేజు రాయించారు. దయామణక్క అందులో ఆయా. ఊళ్ళో సగం మందిని మొదట ఎత్తుకున్న చేతులు ఆవిడవే, నా పిల్లలిద్దరితో సహా. తర్వాత డాక్టరు వెళ్ళిపోయాడు, మందులు రావడం మానేశాయి, ఆసుపత్రి మూతపడింది. తాళాలు మాత్రం అక్క దగ్గర ఉండిపోయాయి.

మా బాప్టిస్టు సంఘంలో ఏ సంగతైనా ఆదివారం ఆరాధన అయ్యాక చేతులెత్తి తేల్చుకుంటాం. గుడికి ఏ రంగు వెయ్యాలన్నా అంతే, పాస్టరుగారిని ఉంచాలా పంపాలా అన్నా అంతే. ముగ్గురు ట్రస్టీల్లో ఆఖరాయన కూడా కన్నుమూశాక, ఇక ఆసుపత్రిని ఎవరు చూస్తారని పెద్దలు అడిగారు. తాళాలు దయామణి దగ్గరే ఉన్నాయి కదా అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరం చేతులెత్తాం, నేనూ ఎత్తాను. అలా అక్క ట్రస్టీ అయింది. స్త్రీల సమాజంలో ఇచ్చే పదవిలాంటిదే కాబోలని ఆవిడ అనుకుంది. సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కూడా.

అయితే ఊరికే కూర్చోలేదు. తుఫానుకు లేచిపోయిన రేకులు వేయించింది. పిల్లలకు టీకాలు వేసుకోవడానికి ముందు గది నర్సమ్మలకు ఇచ్చింది. ఆవరణలోకి గోడ జరుపుకుంటూ వచ్చిన ఆసామిని చీపురు పట్టుకుని తరిమింది. ఎవరు ఏ కాగితం తెచ్చినా, ట్రస్టీ అని ఉన్నచోట వంకర అక్షరాలతో సంతకం పెట్టింది. ఎవరూ వద్దనలేదు.

ఇంతలో మా బావగారు జక్కయ్యకు కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకు వస్తుందో పెద్ద పెద్దవాళ్ళకే అంతుబట్టలేదు, మాకేం తెలుస్తుంది? వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. మా ఆయన రూబెన్‌కు ఆటో ఉంది, అదొక్కటే మా అదృష్టం. పొద్దున్నే తీసుకెళ్ళేవాడు. తిరిగి వచ్చేసరికి బావగారికి సగం ప్రాణం ఉండేది. ఆ గతుకుల రోడ్డే చంపుతోందని, డయాలసిస్ మిషను తనకేం బాధగా లేదని అనేవారాయన. ఆ రాత్రంతా అక్క ఆయన కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

అప్పుడు విశాఖ నుంచి ఒక సేవా సంస్థ వాళ్ళు వచ్చారు. మా ఆసుపత్రిలో పాత పురుళ్ళ వార్డు చూసి, బాగుచేసుకుని డయాలసిస్ పెడతామన్నారు. చుట్టుపక్కల రోగులందరికీ చేస్తామన్నారు. ట్రస్టీలు దీర్ఘకాలం లీజు రాసిస్తే చాలు. మా ఇంటి నుంచి ఆ వార్డుకు చేతికర్ర పట్టుకుని నడిచి వెళ్ళిపోవచ్చు. అక్క ఆ రోజు చాలా కాలానికి చేపల పులుసు వండింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మా ఆయన వేళాకోళం చేశాడు. చేస్తూనే రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

లీజు రిజిస్టరు చేయించడానికి కాశీబుగ్గ వెళ్ళాం. అక్కడి ఆఫీసరు దస్తావేజు నకలు చదివి, మిమ్మల్ని ట్రస్టీగా ఎవరు నియమించారమ్మా అని అడిగాడు.

"సంగం సేతులెత్తినాది బాబూ," అంది అక్క.

ఆయన నవ్వలేదు, అది మెచ్చుకోవాలి. ఒక ట్రస్టీ పోతే మిగిలినవాళ్ళు కొత్తవాళ్ళను రాతపూర్వకంగా నియమించాలని దస్తావేజులో ఉందట. ఆసుపత్రి సంఘానిది కాదు, జనానిది. సంఘం చేతులెత్తినా కాళ్ళెత్తినా చెల్లదట. ముగ్గురూ పోయాక ఇక నియమించేవాళ్ళే లేరు గనుక అక్క ట్రస్టీ కాదు. సంతకం పెట్టకూడదు.

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ ఆవిడ సంతకాలు అందరికీ తియ్యగా ఉన్నాయా అని అడిగాను. ఆయన ఫ్యాను వైపు చూశాడు. ధర్మసంస్థలను చూసే శాఖ వేరే ఉంది, శ్రీకాకుళం వెళ్ళి కనుక్కోండి అన్నాడు.

వెళ్ళాం. తీరా చూస్తే అది దేవాదాయ శాఖ. గోడ నిండా దేవుళ్ళ పటాలు, వరండాలో విభూతి పెట్టుకుని వరసగా పూజారులు. ఓలమ్మా, మన బతుక్కి దేవస్థానం ఆఫీసేటే అని అక్క గుమ్మం దగ్గరే ఆగిపోయింది. వైదేహి అని ఒక గుమాస్తా ఉంది లోపల. ఆ అమ్మాయి లేచి వచ్చి కూర్చోబెట్టింది. ఇది దేవాదాయమే కాదు, ధర్మాదాయం కూడా, ఆసుపత్రి, సత్రం, బడి ఏదైనా జనం కోసం పెట్టిన ధర్మమైతే చట్టం ప్రకారం మా కిందికి రావచ్చు అని ఓపిగ్గా చెప్పింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. అయితే, అంది. ఈ "అయితే" అన్న మాట ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళ నోట్లో మట్టి పడ! అయితే మీ ఆసుపత్రి మా రిజిస్టరులో లేదు, మేం ఎప్పుడూ అజమాయిషీ చెయ్యలేదు, పై అధికారిని అడగాలి అంది. అడిగింది. ఇంకొన్నాళ్ళు తిరిగాక, ఇది మాది కాదు, కోర్టుకు వెళ్ళండి అని ఆ అధికారి రాసిచ్చాడు. కిందికి రావచ్చు, కానీ వాళ్ళది కాదు. నాకు తల తిరిగిపోయింది.

విశాఖవాళ్ళు మర్యాదగానే, ఇంకా ఎన్నాళ్ళో ఆగలేమమ్మా అన్నారు. బావగారికి నడక తగ్గిపోయింది. ఆటో ఎక్కించాలంటే రూబెన్ ఎత్తుకోవలసి వస్తోంది.

చివరికి టెక్కలిలో కామేశ్ అనే లాయరు దగ్గరికి వెళ్ళాం. కుర్రవాడే గానీ, అంతా విన్నాడు. విని, అక్కతో నెమ్మదిగా చెప్పాడు.

"సంతకం పెట్టడానికి మీరు ట్రస్టీ కారమ్మా. కానీ ఇన్నేళ్ళూ ట్రస్టీలాగే నడిపారు కదా. రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పడానికి మాత్రం ట్రస్టీయే."

అక్క నా వైపు చూసింది. నేను లాయరు వైపు చూశాను. హక్కు లేదు, బాధ్యత ఉంది. ఇదెక్కడి న్యాయమయ్యా, పెళ్ళాం కాదు గానీ చాకిరీ చెయ్యమన్నట్టుంది అన్నాను. చట్టం అంతేనమ్మా అన్నాడు. అక్క మాత్రం అక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను తప్పుడు పనేదైనా చేశానా బాబూ, జైలు పడుతుందా అని అడిగింది. లేదు లేదని ఆ కుర్రాడు కంగారుపడి టీ తెప్పించాడు.

దారి ఒకటి ఉందన్నాడు. జిల్లా కోర్టు కొత్త ట్రస్టీలను నియమించగలదు. అయితే, మళ్ళీ అయితే, ఆ ధర్మంలో సంబంధం ఉన్నవాళ్ళు కనీసం ఇద్దరు, కోర్టు అనుమతి తీసుకుని, దావా వెయ్యాలి. ఎవరి మీద? ఇప్పుడు ఆసుపత్రి ఎవరి చేతిలో ఉందో వాళ్ళ మీద. అంటే దయామణి మీద.

ఆ ఆదివారం సంఘంలో అడిగాం. ఎవరైనా ఇద్దరు ముందుకు రండి, అక్క మీద కేసు వెయ్యండి అని నేనే నిలబడి చెప్పాను. విశ్వాసులు కోర్టుకెక్కకూడదని పెద్దలు మందలించారు. అంతకుముందు గబగబా చేతులెత్తిన వాళ్ళంతా ఈసారి చేతులు కట్టుకున్నారు. నాకొచ్చిన కోపానికి ఆ పూట కానుక కూడా వెయ్యలేదు.

మత్స్యకారుల పేట నుంచి బంగారమ్మ అని ఒకావిడ బావగారి పక్క మంచం మీదే డయాలసిస్ చేయించుకునేది. ఆవిడకు సంఘం లేదు, పాస్టరు లేడు, భయమూ లేదు. నేనేస్తానంది. ఇంకొకరు కావాలి. ఇంట్లో ఈ మాట నడుస్తుంటే మంచం మీద నుంచి బావగారు తల ఎత్తారు.

"ఒలే దయామణీ, నాకు సమ్మందం నేదేటి ఆ ఆసుపత్రితోటి? రోగం నాది కాదేటి? నానేత్తాను నీ మీద."

అక్క కొట్టినంత పని చేసింది. కట్టుకున్న పెళ్ళాం మీద కేసేమిటి, లోకం నవ్వదా అంది. నవ్వితే నవ్వనీ, నవ్వేవాళ్ళు నన్ను ఆటో ఎక్కిస్తారా అన్నారాయన. ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా నీ మాటే చెల్లింది, ఒక్కసారి కోర్టులోనైనా గెలవనీయవే అన్నారు. అక్క ఏడుస్తూ నవ్వింది.

అలా దావా పడింది. కోర్టు నుంచి నోటీసు పట్టుకుని వచ్చిన మనిషి, జక్కయ్య అనే వ్యక్తి మీ మీద కేసు వేశాడమ్మా, ఆయన ఎక్కడుంటాడో తెలుసా అని అడిగాడు. అక్క మంచం వైపు చూపించింది. ఆయనకు జావ తాగించే గిన్నె ఆవిడ చేతిలోనే ఉంది. ఆ మనిషి ఎవరి చేత ఎక్కడ సంతకం పెట్టించాలో రెండుసార్లు మరిచిపోయాడు.

కాశీబుగ్గ జీడిపప్పు కార్ఖానాలో నాతో పనిచేసే ఆడవాళ్ళు, ఈ వయసులో మీ బావగారికి విడాకులేమిటని నన్ను ఓదార్చారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. శ్రీకాకుళం కోర్టుకు వాది, ప్రతివాది ఒకే ఆటోలో నౌపడ స్టేషనుకు, అక్కడ నుంచి ఒకే రైల్లో. ప్రతివాది ఒడిలో వాది తల. ప్రతివాది తెచ్చిన కేరియరులో వాది అన్నం. ఉప్పు తక్కువ కూర కదా, కోర్టులో ఇది కూడా చెబుతానని బావగారు బెదిరించేవారు. ఆ తర్వాత ఆ ప్రయాణం కూడా ఆయన వల్ల కాలేదు.

వాయిదాల మధ్యలోనే బావగారు పోయారు. పలాస నుంచి తిరిగి వస్తుంటే ఆటోలోనే. అక్క చెయ్యి పట్టుకునే ఉన్నారు. రూబెన్ బండి ఆపి వెనక్కి చూసేసరికి, బాబూ నెమ్మదిగా పోనీ, ఆయన పడుకున్నాడు అని అక్క అందట. ఆ మాట చెప్పి మా ఆయన ఇప్పటికీ ఏడుస్తాడు.

భూస్థాపన అయ్యాక కామేశ్ వచ్చాడు. కేసు వేసినవాడే పోయాడు కదా, కొట్టేస్తారు కాబోలు అని నేననుకున్నాను. కొట్టెయ్యరట. మామూలు దావా అయితే వేరు. ఇది ఆయన సొంతానికి వేసింది కాదు, జనం తరఫున వేసింది. వాది పోయినా దావా పోదు, బంగారమ్మ నడుపుతుంది అన్నాడు. అక్క అతని మొహంలోకి అయోమయంగా చూసింది.

"మనిసి పోయినాడు గానీ ఆడి కేసు నా మీద బతికే ఉన్నాదా బాబూ?"

ఉందమ్మా అన్నాడతను, తల వంచుకుని.

అప్పటి నుంచి అక్క ఒక్క వాయిదా కూడా తప్పలేదు. తెల్ల చీర కట్టుకుని, బంగారమ్మ చెయ్యి పట్టుకుని రైలెక్కించి తీసుకెళ్ళేది. ప్రతి రాత్రీ మోకరించి తాను ఓడిపోవాలని ప్రార్థన చేసేది. ఇలాంటి ప్రార్థన దేవుడికి అర్థమవుతుందా అని నన్ను అడిగింది. నాకేం తెలుసు? ఆఫీసర్లకే అర్థం కానిది.

ఆఖరి రోజు జడ్జిగారు, ఆవిడ కూడా ఆడమనిషే, అక్కను పిలిచి సూటిగా అడిగారు. మీ ఆయనా, బంగారమ్మా వేసిన ఈ దావాకు మీరు అభ్యంతరం చెబుతున్నారా అని. ఏం చెప్పాలో లాయరు ముందే నేర్పించాడు. అక్క అదంతా మరిచిపోయింది. బోను కర్ర పట్టుకుని నిలబడింది.

"మా ఆయన బతికున్నన్నాళ్ళూ నన్నేటీ అడగనేదమ్మా. అడిగింది ఇదొక్కటే. ఇచ్చెయ్యండి."

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కొత్త ట్రస్టీలను నియమిస్తూ, విశాఖవాళ్ళతో లీజు మాట్లాడే అధికారం వాళ్ళకిస్తూ తీర్పు వచ్చింది. దయామణి తాళాలు వాళ్ళకు అప్పగించాలని కూడా అందులో ఉంది. బయటికి వచ్చాక కామేశ్ అక్క రెండు చేతులూ పట్టుకుని, మీ ఆయన గెలిచారమ్మా అన్నాడు. బంగారమ్మ వరండాలో కూలబడి ఏడ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు అక్క సమాధుల తోట దగ్గర ఆటో ఆపమంది. ఎందుకని అడగబోయి, జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను. ఆవిడ వెళ్ళి ఆ మట్టి దగ్గర కూర్చుని, మంచం మీద మనిషికి దుప్పటి సవరించినట్టు మీద పడ్డ ఆకులు ఏరింది.

"గెలిసినావయ్యా," అంది. "ఇక పలాస ఎల్లక్కరనేదు."