నాపరాయి గుంటకు అడవి మట్టి

దాచేపల్లి దగ్గర మా మేనమామకు రెండెకరాల పొలం ఉంది. పొలమని పాసుపుస్తకం అంటుంది. నాపరాయి తీసేసిన గుంటలు, రాళ్ళపొడి, ముళ్ళకంప చూసినవాళ్ళెవరూ అనరు. అందులో ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఉన్న అడవి చెట్లే, నారేప, తునికి, బిల్లుడు, పెంచుతానని అడిగాను. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసినవాడి కోసం ఊళ్ళో ఎవరూ ఎదురుచూడటం లేదు.

"దానివల్ల ఒరిగేదేంది అల్లుడూ?" అన్నాడు మామ.

చెట్లు గాలిలోని కార్బన్‌ను తీసుకుని వేళ్ళలో, మట్టిలో దాస్తాయని గంటసేపు చెప్పాను.

"అంటే సిమెంటు ఫ్యాక్టరీల పొగ నువ్వు మన గుంటలో పాతిపెడతావన్నమాట. వాళ్ళకి చెప్పు, చానా సంతోషిస్తారు."

చివరికి గడువు పెట్టాడు. వానలకు నాటాలి, ఆపై ఒక్క ఎండాకాలం బతికించి చూపాలి. లేకపోతే జామాయిలు వేసేస్తాడు.

రాళ్ళపొడిలో ఏ మొక్కా ఒంటరిగా నిలబడదు. అటవీశాఖ అనుమతి తెచ్చుకుని కొండవాలు అడవిలో నాలుగు గోతాల మట్టి తవ్వుకొచ్చాను. అనుమతి ఒక్కసారికే. ఆ మట్టిలో కంటికి కనపడని శిలీంధ్రాలుంటాయి. వేరును పట్టుకుని, వేరు చేరలేని చోటి నుంచి నీళ్ళు తెచ్చిపెడతాయి. చెట్టు వాటికి తిండి పెడుతుంది. నర్సరీ సంచుల్లో పిడికెడేసి కలిపి విత్తనాలు పెట్టాం. పెట్టాం అంటే, పక్కింటి పెద్దమ్మ పెట్టింది, నేను పర్యవేక్షించాను. ఆమె ముప్పై ఏళ్ళుగా మిరపనారు పోస్తున్న మనిషి.

కనపడనివాటిని నమ్ముకుంటే మనిషికి కుదురుండదు. రోజుకు మూడుసార్లు బండేసుకుని సంచుల దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఒక మొక్క పీకి, వేళ్ళు కడిగి, భూతద్దం పెట్టి చూసేవాణ్ణి. భూతద్దంలోనూ కనపడవని నాకు తెలుసు.

"రోజుకొకటి పీక్కుంటా పోతే ఎండాకాలం దాకా ఎందుకు అబ్బాయా, ఈ నెల్లోనే అయిపోద్దిగా" అనేది పెద్దమ్మ.

మట్టి పరీక్ష పనిమీద రెండు రోజులు నరసరావుపేటలో ఉండాల్సొచ్చింది. తిరిగొచ్చేసరికి సంచుల దగ్గర మందు వాసన.

"నువ్వట్టా పోయావో లేదో తెల్లగా బూజు పట్టింది. నే చూడబట్టి సరిపోయింది. నారుకుళ్ళు మందు కలిపి మొదళ్ళలో పోశా" అంది పెద్దమ్మ. మెచ్చుకుంటానని చూసింది.

పల్నాడులో మొక్క మొదట్లో తెల్లటి పోగు కనపడితే మందు కలపని చెయ్యి ఉండదు. మిరప నేర్పిన చదువది. ఆ బూజు ఆకుల్ని కుళ్ళబెట్టే మామూలుది, దానివల్ల హాని లేదు. నాక్కావలసినవి దాని కింద ఉన్నాయి. ఉండేవి. బూజును చంపే ఆ మందుకు శిలీంధ్రాల్లో మంచీ చెడ్డా తేడా తెలియదు.

కోప్పడదామనుకున్నాను. కానీ మామకు గంట ఉపన్యాసమిచ్చిన నేను ఆమెతో "ఈ మట్టి కలుపు" అని తప్ప ఇంకేమీ అనలేదు. అప్పుడు చెప్పాను, ఆ అడవి మట్టి పాలకు తోడు లాంటిదని.

"తోడా! ఆ మాట ముందే ఏడవొచ్చుగా! తోడేసిన గిన్నెలో మందు పోసేంత ఎర్రిదాన్నా?" అని నన్నే తిట్టింది. తిట్టి తిట్టి ఆగింది. "కంచె పక్క వరసకి పోయలా. బకెట్టు అయిపోయింది. నడుం నొప్పని మానేశా."

ఆ నడుం నొప్పికి నేను రుణపడి ఉన్నాను.

"గిన్నెడు పోయినా చెంచాడు మిగిలితే చాలదా?" అని ఆమే కూర్చుంది. మందు జోరు తగ్గేదాకా ఆగి, కంచె వరస సంచుల్లోంచి మట్టి తీసి మిగతా వాటికి చెంచాడేసి పెట్టింది. వానలకు నాటాం.

ఇప్పుడు ఎండలు ముదిరాయి. మొక్కలన్నీ ఆకు రాల్చేశాయి. ఈ జాతులు బతికున్నా రాలుస్తాయి, చచ్చినా రాలుస్తాయి. నిన్న మామ వచ్చి గట్టున నిలబడి, "పోయినట్టేనా అల్లుడూ?" అన్నాడు.

"ఇంకా చెప్పలేం మామా."

పెద్దమ్మ ఒక పుల్లను గోటితో గీకి చూపించింది. లోపల పచ్చగా ఉంది. మామ జామాయిలు మాట ఎత్తలేదు. ఆయన వెళ్ళాక నేను పక్కదాన్ని గీకాను. దాని పక్కదాన్నీ గీకాను.

"అప్పుడు పీకావు, ఇప్పుడు గీకుతున్నావు. తొక్కంతా ఊడదీసి గాని ఒదలవా?"

ఇవాళ ఏడింటినే గీకాను. ఆరు పచ్చగా ఉన్నాయి. ఏడోదాన్ని రేపు ఇంకోచోట గీకి చూడాలి.