రెండు దెబ్బలంటే తప్పుకో

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది రాయడం మొదలుపెట్టేటప్పుడు లేదు, రాయడం అయిపోయాక కూడా ఉండదు. ఫలానా తోటలో ఏదో తిరుగుతోంది, అటు వెళ్లొద్దు అని ఎవరైనా చెబితే, జనం ఉండరు కదా, ప్రశాంతంగా ఉంటుందని పనిగట్టుకుని వెళ్లి అక్కడే కునుకు తీసి వచ్చిన రకం నేను. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను కాబట్టి సైన్సు పెద్దగా తెలియదు. అయితే సైన్సు చదివినవాళ్ల మొలతాళ్లకే ఎక్కువ తాయెత్తులు ఉండటం చూశాను.

అందుకే ఈ సంగతి చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. జరిగింది జరిగినట్టు చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. ఇంకొకరు చెబితే నేనూ నవ్వేవాడినే.

మాది తిరువూరు. మామిడికాయ కోసే పని. నేనూ, మా అక్క మొగుడు ఏసోబు బావా ఒక జోడీ. సీజనులో రెడ్డిగూడెం వైపు తోటలకు కోతకు వెళతాం. బావ చెట్టెక్కుతాడు, నేను కింద గోనెసంచి చాపి పట్టుకుంటాను. చివర వల కట్టిన చిక్కం కర్రకు అందని చిటారు కాయల్ని బావ చేత్తో తుంచి వదిలితే, అవి నేల తగలకుండా నా సంచిలో పడాలి. నేల తగిలిన కాయకు లోపల దెబ్బ తగులుతుంది, పండేలోపు కుళ్లుతుంది.

కింద ఉన్నవాడు పైకి చూడకూడదు. మా పనిలో మొదటి పాఠం ఇదే. తుంచిన తొడిమ నుంచి సొన కారుతుంది. ముఖం మీద పడితే బొబ్బలెక్కుతుంది, కంట్లో పడితే ఆ రోజు పని ఆఖరు. అందుకని తల మీద తువ్వాలు కప్పుకుని, తల వంచుకుని, చెవులతో పని చేయాలి. ప్రతి చెట్టు మీదా ఒకడు అరుస్తూ ఉంటాడు కాబట్టి కేకలు పనికిరావు. బావ చిక్కం కర్రతో కొమ్మ మీద కొడతాడు. ఒక దెబ్బ కొడితే కదలకుండా నిలబడాలి, కాయ సంచిలోకే వస్తోందని అర్థం. రెండు దెబ్బలంటే తప్పుకోవాలి, ఎండుకొమ్మో కుళ్లిన కాయో పడుతోందన్నమాట. ఈ లెక్క మా ఇద్దరిదే. పక్క చెట్టు వాళ్లకి కూడా తెలియదు.

సాయంత్రాలు మాది ఇంకో వేట. టీవీకి తగిలించే గేము పెట్టె ఒకటి విజయవాడలో పాతది కొన్నాం. అందులో రాకాసి జంతువుల్ని వేటాడే ఆట ఉంది. అక్కా బావా ఉండేది మా పక్కింట్లోనే కాబట్టి, స్నానం అవగానే బావ వచ్చేసేవాడు. ఆ ఆట చూస్తే మా అమ్మకి ఒళ్లు మండేది.

"ప్రార్థన చేసుకునే ఇంట్లో ఈ రాకాసులేంటయ్యా" అనేది అల్లుడితో.

"చంపుతున్నాం కదత్తా, పెంచట్లేదు కదా" అనేవాడు బావ.

కథంతా గెలిచేశాక ఆ ఆట చివర్లో ఒక కొత్త తలుపు తెరుచుకుంది. అన్నింటికన్నా కష్టమైన దశ. ఒక్క దెబ్బ తగిలితే ప్రాణం పోతుంది. మందులు ఉండవు. జోడీగా రానివ్వరు, ఒక్కడే వెళ్లాలి. అక్కడ కాపలా ఉండేది రెక్కలున్న ఒక జంతువు. దాని ఇంగ్లీషు పేరుకి మా నాలుక తిరగలేదు, బావ పెద్దకోడి అని పేరు పెట్టాడు. అది ఎగిరి మబ్బుల్లోకి పోతుంది. ఎటుందో కనపడదు. ఉన్నట్టుండి నెత్తిన పడుతుంది.

వంతులు వేసుకుని చచ్చాం ఇద్దరం. నా వాటా ఎక్కువ.

"పైకి చూస్తావేంట్రా బామ్మర్దీ. తోటలో చూడవు కదా."

"తోటలో పడేసేముందు నువ్వు చెబుతావు. ఈ కోడి చెబుతుందా?"

"కోడికే ఇంత భయపడితే ఆదివారం కూర ఎట్టా తింటున్నావురా?"

మే నెలలో ఒక పొద్దున బావ ఎక్కిన కొమ్మ విరిగింది. పైకి పచ్చగా ఉంది, లోపల గుల్ల. దెబ్బలేమీ వినబడలేదు. కొమ్మకి మా లెక్క తెలియదు కదా. బావ నా పక్కనే పడ్డాడు, తల రాయికి తగిలింది.

విజయవాడ తీసుకెళుతుంటే దారిలో తెలివిలోనే ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే, నొప్పి సంగతి చెప్పకుండా, "నేను లేచేసరికి ఆ కోడిని కొట్టి ఉంచరా. పైకి మాత్రం చూడబాకు" అన్నాడు. నేను నవ్వాను. ఆ తర్వాత బావ మాట్లాడలేదు.

తలకి ఆపరేషన్ చేశారు. చేశాక లేవాల్సిన మనిషి లేవలేదు. ఎప్పుడు లేస్తాడని అడిగితే డాక్టరు, "లేస్తాడా అనేది చూడాలి" అన్నాడు. బడి మానేసినవాడినైనా ఆ తేడా నాకు అర్థమైంది.

ఐసీయూ బయట ఒక్కరినే ఉండనిస్తారు. అక్క కదలనంది. బట్టలూ అన్నం తెమ్మని నన్ను ఇంటికి పంపింది. నేను పొద్దెక్కాక బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి కోతల మేస్త్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏసోబు సంగతి విన్నాను. చెట్టెక్కడానికి ఇంకో మనిషిని చూశాను. నువ్వు వాడి కింద సంచి పట్టు."

"బావ లేస్తాడండి."

"లేస్తే సంతోషమే. లేవడు అనుకుని పని చూసుకోవాలి కదరా."

"పైకి చూసి మాట్లాడకండి మేస్త్రి గారూ, నోట్లో సొన పడుతుంది" అన్నాను. ఆయన లేచి వెళ్లిపోయాడు.

అమ్మ అన్నం వార్చి కూర దించేదాకా నాకు పనేమీ లేదు. కూర్చోబుద్ధి కాలేదు. గేము ఆన్ చేశాను. ఆట మీద సరదా పుట్టి కాదు. మేస్త్రి మీద కోపం, డాక్టరు మాట మీద కోపం, లోపల గుల్లగా ఉండి బయటికి పచ్చగా నిలబడిన ఆ కొమ్మ మీద కోపం. వీళ్లందరి మీదా కలిపి ఒకటే పందెం వేశాను. ఈ కోడిని నేను కొడితే బావ లేస్తాడు. కొట్టలేకపోతే ఏమిటనేది అనుకోలేదు. అనుకునే ధైర్యం లేదు.

సౌండు అమ్మకి పడదని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. వెళ్లగానే చచ్చాను. మళ్లీ వెళ్లాను, మళ్లీ చచ్చాను. ప్రతిసారీ అది మబ్బుల్లోకి పోగానే నా వేటగాడి తల పైకి తిప్పడం, అది వెనక నుంచి పడటం. చేతులు చెమట పట్టి రిమోటు జారుతోంది.

మళ్లీ వెళ్లాను. కోడి ఎగిరింది. అప్పుడు వినబడింది. టక్, టక్.

కర్ర పచ్చికొమ్మ మీద పడే చప్పుడు. ఆ ఆటలో కత్తుల చప్పుడుంది, అరుపులున్నాయి, గాలీ వానా ఉన్నాయి. ఈ చప్పుడు లేదు. ఏళ్ల తరబడి ఆడినవాడిని, నాకు తెలుసు. ఇదంతా అప్పుడు ఆలోచించానని చెప్పను. అలవాటు ఉందే, అది ఆలోచించదు. తల దించాను, తప్పుకున్నాను. నేను నిలబడిన చోటే కోడి వచ్చి పడింది.

మళ్లీ ఎగిరింది. టక్, టక్. తప్పుకున్నాను. మళ్లీ పక్కన పడింది. పడ్డప్పుడల్లా దానికో పోటు పొడుస్తున్నాను.

ఇంతలో అమ్మ వంటగదిలోంచి వచ్చి నా భుజం తట్టింది. ఒక చెవి మీద హెడ్‌ఫోన్ పక్కకి జరిపాను. "తలుపెవరో కొడుతున్నారు, వినబడట్లా?" అంది. నేను కళ్లు తిప్పలేదు. తనే వెళ్లి తలుపు తీసింది. మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా లేదు. తలుపు వేసి లోపలికి వస్తూ, "మళ్లీ కొడుతున్నారేంటి" అంది.

హెడ్‌ఫోన్స్‌లో చప్పుడు అమ్మకి ఎలా వినబడిందో ఆలోచిస్తే నాకు చేతులాడవని తెలుసు. అందుకని ఆలోచించలేదు. ఎవడివైనా కానీ, కొట్టు, నేను ఆడతాను అనుకున్నాను.

కోడి చివరి ఊపిరి మీద ఉంది. ఎగిరింది. ఈసారి మబ్బుల్లోకి పోలేదు, ఎదురుగా కనపడుతూ నిటారుగా నా మీదికే దిగుతోంది. ఎవడైనా పారిపోతాడు. నా వేలు అప్పటికే పక్కకి తిప్పే మీట మీద ఉంది.

టక్.

ఒకటే దెబ్బ. రెండోది వస్తుందని చూశాను. రాలేదు.

కదలకుండా నిలబడు. అదే కదా లెక్క. పళ్లు బిగించి వేలు తీసేశాను. కోడి దిగి, నాకు బెత్తెడు ముందు, ముక్కు నేలలో దిగబడిపోయి ఇరుక్కుంది. మెడ నా ముందుంది. పొడిచాను. పడిపోయింది.

కేక వేయలేదు. అక్కకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. అన్నం క్యారేజీ పట్టుకుని విజయవాడ బస్సెక్కి, దారి పొడుగునా చేస్తూనే ఉన్నాను. ఎత్తలేదు. పందెం వేసినప్పుడు ఉన్న పొగరు ఎ.కొండూరు దాటేసరికి సగం కూడా లేదు. గెలిచినందుకు భయపడటం నాకు అదే మొదలు.

ఆస్పత్రి మెట్ల దగ్గరే అక్క ఏడుస్తూ ఎదురొచ్చింది. అది ఏ ఏడుపో నాకు అర్థం కాలేదు. క్యారేజీ కింద పెట్టేశాను.

"కళ్లు తెరిచాడురా" అంది.

అప్పుడు చెప్పింది. మధ్యాహ్నం నర్సు లోపలికి పిలిచిందట, మీ ఆయన చెయ్యి మంచం కడ్డీకి కొట్టుకుంటున్నాడు, వచ్చి పట్టుకో అని. "వెళ్లి చూస్తే తెలివి లేదు, చెయ్యి మాత్రం కొడుతోంది. టక్ టక్, ఆగుతోంది, మళ్లీ టక్ టక్. నేను పట్టుకున్నా ఆగట్లేదు. చివరికి ఒక్కసారే కొట్టి ఆపేశాడు. అయిపోయిందనుకున్నాన్రా చిన్నా. కాసేపయ్యాక చూస్తే నా వంకే చూస్తున్నాడు."

ఆ హడావుడిలో ఫోను బయట బెంచీ మీదే వదిలేసిందట. అక్క కోతకి రాదు, ఊళ్లో బట్టలు కుడుతుంది. మా దెబ్బల లెక్క తనకి తెలియదు. నేను కూడా అప్పుడు చెప్పలేదు.

తర్వాత నేను చూడగలిగినవన్నీ చూశాను. ఆ పెట్టెలో మనం ఆడింది రికార్డవుతుంది. హెడ్‌ఫోన్స్ తీసేసి సౌండు పెంచి విన్నాను. కత్తులున్నాయి, అరుపులున్నాయి, టక్ టక్ లేదు. కానీ కోడి నీడ నేల మీద పడకముందే నా వేటగాడు తప్పుకోవడం కనపడుతోంది. ఒక్కసారి కాదు, ప్రతిసారీ. చివర్లో వాడు ఎందుకు నిలబడిపోయాడో చూసేవాడికి అర్థం కాదు.

సెల్ షాపులో ఉండే స్నేహితుడికి చూపిస్తే, హెడ్‌ఫోన్ వైరు లూజై ఉంటుందన్నాడు. ఒప్పుకుంటాను. తలకి దెబ్బ తగిలినవాళ్లకి చేతులు అలా కొట్టుకుంటాయని నర్సు అంది. అదీ ఒప్పుకుంటాను. అమ్మకి ఎప్పుడూ తలుపు చప్పుళ్లు వినబడతాయి, అది మేమెప్పుడో ఒప్పుకున్నాం. విడివిడిగా అయితే అన్నిటికీ నేను రెడీ. ఈ మూడూ ఒకే మధ్యాహ్నం ఎందుకు కలిశాయో చెప్పమంటే మాత్రం ఎవరూ చెప్పరు. మా పాస్టరు గారు దేవుడి కార్యం అన్నారు. దేవుడికి మా దెబ్బల లెక్క బావ ఎప్పుడు నేర్పాడో మరి.

దెయ్యం అన్నవాళ్లతో అయితే ఊరుకోను. దెయ్యం కావాలంటే మనిషి ముందు చావాలి. మా బావ దాకా ఆ కబురు రాలేదు.

బావకి ఆ రోజు ఏమీ గుర్తు లేదు. మాట కుదురుకున్నాక అంతా చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు. "పైకి చూశావా?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే కొట్టే ఉంటావులే" అని అటు తిరిగి పడుకున్నాడు.

కుడికాలు ఇంకా ఈడుస్తాడు. చెట్టెక్కడం కుదరదు. ఈ సీజనుకి మేస్త్రి మళ్లీ కొత్త మనిషి సంగతి ఎత్తితే, చెట్టు నేనెక్కుతానన్నాను. "మరి కింద?" అన్నాడు. చూపించాను. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తల మీద తువ్వాలు కప్పుకుని, ఒళ్లో గోనెసంచి పరుచుకుని బావ తయారుగా ఉన్నాడు.

ఎక్కాను. అక్కడి నుంచి కిందకి చూస్తే ఎంత ఎత్తో అప్పుడు తెలిసింది. కాయ తుంచి, కర్రతో కొమ్మ మీద ఒక్క దెబ్బ కొట్టాను. బావ తల పైకెత్తలేదు. సంచి అంచులు రెండూ పట్టుకుని, కదలకుండా కూర్చున్నాడు.

వదిలాను.